మధ్యాహ్నం మాత్ర ఎందుకు పనిచేయడం లేదు: పార్కిన్సన్ వ్యాధి, డోపమైన్ నాడీకణాలు

ముమ్మిడివరం వైపు లంక గ్రామంలో వరి, కొబ్బరి సాగు చేసుకునే మీ నాన్నగారికి అరవై దాటాక పార్కిన్సన్ వ్యాధి అని తేలిందనీ, మొదటి మూడేళ్ళు లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర చక్కగా పనిచేసిందనీ, ఈమధ్య ఉదయం మాత్రకు నడక తేలికపడుతున్నా మధ్యాహ్నం భోజనం చేశాక వేసుకున్న మాత్ర వేసుకోనట్టే ఉంటోందనీ రాశారు. మందు నకిలీదేమోనన్న అనుమానం, దూలగొండి గింజల పొడి కలిపి ఇవ్వవచ్చా అన్న సందేహం, పొలంలో కొట్టిన మందులవల్లే ఈ జబ్బు వచ్చిందా అన్న బాధ, మూలకణాల చికిత్సకోసం ఎకరం పొలం అమ్మమంటున్నవారి మాట వినాలా వద్దా అన్న సందిగ్ధం కూడా మీ ప్రశ్నలో ఉన్నాయి. నేను వైద్యం చేసేవాణ్ణి కాను. నాడీకణాల విద్యుత్ ప్రవర్తన మీద ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసినవాణ్ణి, మీ కోనసీమవాణ్ణే. కాబట్టి మాత్రల మోతాదు సంగతి మీ న్యూరాలజిస్టుగారికే వదిలి, ఆ మాత్ర మెదడులో ఏ కణంమీద ఆధారపడి పనిచేస్తుందో, ఆ కణానికి ఏమవుతోందో చెబుతాను. మీ సందేహాలన్నిటికీ జవాబు అక్కడే ఉంది.

ముందు సూటిగా చెప్పవలసినవి చెబుతాను. ఉదయం పనిచేసిన అట్టలోని మాత్రే మధ్యాహ్నం పనిచేయడం లేదంటే ఆ మందు నకిలీది కాదు. దూలగొండి పొడిని డాక్టరుగారికి చెప్పకుండా మొదలుపెట్టకండి. పొలం మాత్రం అమ్మకండి.

నాడీకణం పొరకు లోపలా బయటా సుమారు 70 మిల్లీవోల్టుల విద్యుత్ తేడా ఉంటుంది, లోపలివైపు రుణావేశం. పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకోగానే ఆ తేడా ఒకటి రెండు మిల్లీసెకన్లపాటు తారుమారై, కణంనుంచి సాగే సన్నని తంతువు పొడవునా సంకేతంగా పరుగెడుతుంది. తంతువు చివర చిన్న సంచుల్లో నిల్వ ఉన్న రసాయనం బయటికి విడుదలై, పక్క కణానికి కబురు అందుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి శరీరంలోని లావుపాటి నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి, 1952లో ఈ సంకేతాన్ని గణిత సమీకరణాలతో సహా వివరించారు. మన మెదడులో ఇటువంటి కణాలు సుమారు 8,600 కోట్లు ఉంటాయి. మీ నాన్నగారి జబ్బు ప్రధానంగా దెబ్బతీస్తున్నది వాటిలో కొన్ని లక్షల కణాల చిన్న గుంపును మాత్రమే. మధ్యమెదడులో కంటికి నల్లని సన్నని చారలా కనిపించే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే ప్రాంతంలో ఆ కణాలు ఉంటాయి. కదలికలు సాఫీగా సాగడానికి అవి విడుదల చేసే రసాయనమే డోపమైన్. ఆ నలుపు న్యూరోమెలనిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. పార్కిన్సన్ వ్యాధితో చనిపోయినవారి మెదడును కోసి చూస్తే ఆ చార వెలిసిపోయి ఉంటుంది.

అన్ని కోట్ల కణాలుండగా ఇవే ఎందుకు చనిపోతున్నాయన్నది ఈ రంగంలోకెల్లా లోతైన ప్రశ్న. ఎలుక మెదడును పలుచని బిళ్ళలుగా కోసి, ఆక్సిజన్ అందుతున్న లవణద్రవంలో ఉంచి, ఒకటి రెండు మైక్రాన్ల మొన ఉన్న గాజుగొట్టాన్ని సూక్ష్మదర్శిని కింద నైగ్రా కణపు పొరకు ఆనించి, అందిన సంకేతాన్ని స్పీకరుకు కలిపితే, ఏ ప్రేరణా లేకపోయినా ఆ కణం సెకనుకు రెండు మూడు సార్లు టక్, టక్, టక్ అని తప్పని లయతో మోగుతూనే ఉంటుంది. పక్కనున్న చాలా కణాలు ఎవరైనా పిలిస్తేనే పలుకుతాయి, ఇది మాత్రం రాత్రీపగలూ తనంతట తాను పలుకుతుంది. పలికిన ప్రతిసారీ కాల్షియం లోపలికి వస్తుంది; దాన్ని బయటికి తోడడానికి శక్తి కావాలి, ఆ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎంత ఎక్కువ పనిచేస్తే కణాన్ని గాయపరిచే ఆక్సిజన్ ఉపఉత్పత్తులు అంత ఎక్కువ పుడతాయి.

ఇంతకంటే పెద్ద భారం ఆ కణం తంతువుది. ఎలుకలో ఒక్క డోపమైన్ కణపు తంతువు శాఖలన్నీ కలిపి కొలిస్తే అర మీటరు దాకా వచ్చింది. మనిషిలో అది నాలుగు మీటర్లు దాటుతుందనీ, పది లక్షలకు పైగా స్థానాల్లో డోపమైన్ అందిస్తుందనీ అంచనా. మిల్లీమీటరులో చిన్న భాగమంత వెడల్పు ఉండే కణకాయం, అంటే తంతువు మొలిచే కణపు మొండెం, అన్ని కొమ్మలకూ సరుకు పంపుతూ ఉండాలి. డెల్టాలో పెరిగిన మనకు దీన్ని అర్థంచేసుకోవడం కష్టం కాదు: కాలువ మొదట్లో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే శివారు పొలాలు ఎండడం మొదలవుతుంది. పార్కిన్సన్‌లో కూడా ముందు ఎండేవి తంతువుల చివరలే, కణకాయం ఆ తరువాత చనిపోతుంది. చేయి వణకడం మొదలయ్యేనాటికే ఈ చివరల్లో సగానికి మించి పోయి ఉంటాయి. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీను కణాల్లో ముద్దలు కట్టడం ఈ నాశనంలో మరో ముఖ్య భాగం. 1912లో ఫ్రెడరిక్ లెవీ చూసిన గుండ్రని మచ్చలు ప్రధానంగా ఆ ప్రోటీనుతోనే తయారయ్యాయని 1997లో తేలింది. ముద్దలే కణాన్ని చంపుతున్నాయా, చంపేది వాటికంటే ముందు ఏర్పడే చిన్న గుంపులా అన్న చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నా మట్టుకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఇప్పుడు మాత్ర సంగతికి వద్దాం. దీని చరిత్రలో మన నేలమీద పెరిగే రెండు మొక్కలున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సర్పగంధి వేరునుంచి తీసిన రిసర్పిన్‌ను 1950లలో రక్తపోటుకు, మానసిక రోగాలకు విరివిగా వాడేవారు. అది తీసుకున్న కొందరు పార్కిన్సన్ రోగుల్లాగే బిగుసుకుపోయేవారు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చి, అవి కదలకుండా చెవులు వేలాడేసి కూర్చున్నాక, మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపాను ఇంజెక్షను చేస్తే, కొద్దిసేపటికే అవి లేచి తిరగడం మొదలుపెట్టాయి. రిసర్పిన్ కణాన్ని చంపదు, తంతువు చివర సంచుల్లోకి డోపమైన్ చేరకుండా అడ్డుకుంటుంది, అంతే. వియన్నాలో హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్త పార్కిన్సన్ రోగుల మెదళ్ళలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని 1960లో చూపారు. ఆ మరుసటి ఏడాదే వైద్యుడు బిర్క్‌మాయర్‌తో కలిసి రోగులకు లెవోడోపా ఇస్తే, మంచంపట్టినవారు లేచి నడిచారు. ఈ పరిశోధనకు కార్ల్‌సన్ 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. లెవోడోపా అనే ఈ పదార్థాన్నే కుందేళ్ళ ప్రయోగానికి రెండు దశాబ్దాల ముందు, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి దూలగొండి గింజలనుంచి వేరుచేశారు. అది ఇంత పెద్ద మందు అవుతుందని ఆనాడు ఎవరికీ తెలియదు.

డోపమైన్‌నే నేరుగా మాత్రగా ఎందుకు ఇవ్వరంటే, రక్తంనుంచి మెదడులోకి దానికి దారి లేదు. లెవోడోపాకు దారి ఉంది, కాని అది అమైనో ఆమ్లాలు వెళ్ళే దారి. చిన్నపేగు గోడ దాటడానికీ, ఆ తరువాత మెదడులోకి వెళ్ళడానికీ, మనం తిన్న ప్రోటీనునుంచి వచ్చే అమైనో ఆమ్లాలు వాడుకునే వాహకాలనే లెవోడోపా కూడా వాడుకుంటుంది. మీ నాన్నగారి మధ్యాహ్న భోజనంలో ముద్దపప్పు, చేపల పులుసు, చివర పెరుగన్నం ఉంటాయని మీరే రాశారు. ఆ భోజనం జీర్ణమయ్యే వేళకు ఆ వాహకాల దగ్గర రద్దీ ఎక్కువై లెవోడోపా వెనకబడిపోతుంది. పైగా పార్కిన్సన్ రోగుల్లో జీర్ణాశయం నిదానంగా ఖాళీ అవుతుంది కాబట్టి, భోజనంపైన వేసుకున్న మాత్ర పేగులోకి దిగడమే ఆలస్యం. ఉదయం పరగడుపున వేసుకున్న మాత్ర పనిచేయడానికీ, మధ్యాహ్నం మాత్ర పనిచేయకపోవడానికీ ఇదే కారణమై ఉండే అవకాశం చాలా ఎక్కువ.

అయితే మొదటి మూడేళ్ళు కూడా ఆయన ఇదే భోజనం చేశారు కదా, అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడెందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. ఈ జవాబంతటిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. మెదడు చేరకముందే లెవోడోపా డోపమైన్‌గా మారిపోకుండా అడ్డుకునే కార్బిడోపా తోడున్నా, లెవోడోపా రక్తంలో గంటన్నరలో సగానికి తగ్గిపోతుంది. తొలి సంవత్సరాల్లో మిగిలి ఉన్న తంతువుల చివరలు వచ్చిన లెవోడోపాను డోపమైన్‌గా మార్చి, సంచుల్లో దాచుకుని, అవసరాన్నిబట్టి కొద్దికొద్దిగా వదులుతాయి. అందువల్ల రక్తంలో మందు తగ్గినా నడకకు లోటు ఉండదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చివరలు తగ్గిపోతే దాచుకునే చోటు పోతుంది, ఇక మెదడులో డోపమైన్ రక్తంలోని మందుతోపాటే పెరిగి తగ్గుతుంది. సెరొటోనిన్ కణాలు కూడా లెవోడోపాను డోపమైన్‌గా మార్చగలవుగాని, ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో చూసే ఏర్పాటు వాటికి లేదు. కొందరు రోగుల్లో మందు ఎక్కిన వేళ చేతులూ మెడా మెలికలు తిరగడానికి అది ఒక కారణం. అంటే మాత్ర బలం తగ్గలేదు, మాత్రను నిలవచేసే కణాలు తగ్గాయి. ఇది తెలిస్తే మోతాదు రెట్టింపు చేయాలన్న ఆలోచన ఎందుకు తప్పో కూడా తెలుస్తుంది. సరిచేయవలసింది తరచుగా వేళలు, విరామాలు. ఇందుకు డాక్టర్ల దగ్గర చాలా మార్గాలున్నాయి: చిన్న మోతాదులు ఎక్కువసార్లు ఇవ్వడం, శరీరంలో లెవోడోపా త్వరగా విరిగిపోకుండా ఆపే మందు జోడించడం వంటివి.

మీరు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని మరెవరూ చేయలేరు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేలోపు ఒక వారంపాటు నోటుపుస్తకంలో మాత్ర వేసుకున్న సమయం, భోజనం చేసిన సమయం, ఏం తిన్నారన్నది, నడక ఎప్పుడు తేలికపడింది, ఎప్పుడు కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయింది, గంటలవారీగా రాయండి. సాధారణంగా భోజనానికి అరగంట ముందుగాని, భోజనమైన గంట తరువాతగాని మాత్ర వేసుకోమంటారు. కొందరికి పప్పు, చేప, గుడ్డు ఎక్కువభాగం రాత్రి భోజనానికి మార్చమంటారు. ప్రోటీను మానేయమని మాత్రం ఏ మంచి వైద్యుడూ చెప్పడు, ఈ వయసులో కండ తగ్గితే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఎంత విసుగొచ్చినా మాత్రను ఒక్కసారిగా ఆపకండి, హఠాత్తుగా ఆపితే ఒళ్ళు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణంమీదికి రావచ్చు.

కాలువగట్ల పొదల్లో పాకే దూలగొండి కాయమీది నూగు తగిలితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాని గింజలో మాత్రం బరువులో నాలుగైదు శాతం దాకా లెవోడోపా ఉంటుంది. కాబట్టి అది పనిచేయదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఎనిమిదిమంది రోగులకు 30 గ్రాముల గింజల పొడి ఇచ్చి చూస్తే, మామూలు మాత్రకంటే త్వరగా పనిచేసింది. చిక్కు ఎక్కడంటే, పొడి పొడికీ లెవోడోపా శాతం మారుతుంది. ఆయన ఇప్పటికే అదే మందు వేసుకుంటున్నారు కాబట్టి రెండూ కలిసి ఎంతైందో ఎవరికీ తెలియదు. దానిలో కార్బిడోపా ఉండదు కాబట్టి లెవోడోపా మెదడు చేరకముందే డోపమైన్‌గా మారి వాంతులు తెప్పించవచ్చు. అలా వాంతులైతే దగ్గర్లోని ఆర్ఎంపీ గారి చేత ఇంజెక్షను చేయించడం మన ఊళ్ళలో మామూలు. ఆ ఇంజెక్షను మెటోక్లోప్రమైడ్ అయితే అది మెదడులోకి చేరి, డోపమైన్ కబురు అందుకునే గ్రాహకాలనే మూసేస్తుంది, మనిషి ఇంకా బిగుసుకుపోతాడు. తలతిరుగుడుకి ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ మాత్రలతోనూ ఇదే ప్రమాదం. ఈ మూడు పేర్లనూ చీటీ మీద రాసి మీ నాన్నగారి మందుల పెట్టె మూతకు లోపల అంటించండి. వాంతులకు మందు అవసరమైతే వీటికి బదులు ఏది వాడాలో న్యూరాలజిస్టుగారిని ముందే అడిగి, ఆ పేరు కూడా దానిమీద రాసుకోండి.

పొలం మందుల గురించి అడిగారు. 1982లో కాలిఫోర్నియాలో, దొంగచాటుగా తయారుచేసిన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల వ్యవధిలో ముదిరిన పార్కిన్సన్ రోగుల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ అనే వైద్యుడు కారణం వెతికి, ఎంపీటీపీ అనే కల్తీ పదార్థాన్ని పట్టుకున్నారు. మెదడులో దానినుంచి పుట్టే విషం డోపమైన్ కణాల్లోకి, డోపమైన్‌ను తిరిగి పీల్చుకునే వాహకంద్వారానే దూరి, మైటోకాండ్రియా శక్తి తయారీలోని మొదటి మెట్టును ఆపేస్తుంది. ఆ విషం నిర్మాణం గట్లమీది గడ్డికి కొట్టే పారాక్వాట్‌కు దగ్గరగా ఉంటుంది. రోటెనోన్ అనే పురుగుమందు మైటోకాండ్రియాలో సరిగ్గా అదే మెట్టును ఆపుతుంది, 2000లో ప్రచురితమైన ప్రయోగంలో ఎలుకలకు దాన్ని వారాలపాటు కొద్దికొద్దిగా ఇస్తే నైగ్రా కణాలు చనిపోయాయి. అమెరికాలో పురుగుమందులు కొట్టేవారినీ వారి కుటుంబాలనూ పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పారాక్వాట్ గాని రోటెనోన్ గాని వాడినవారిలో పార్కిన్సన్ అవకాశం సుమారు రెండున్నర రెట్లుగా కనిపించింది. ఈ సంబంధాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయినా ఒక్క మనిషిని చూపించి ఈయనకు దీనివల్లే వచ్చిందని చెప్పే పరీక్ష లేదు. జన్యువులు, వయసు, మరెన్నో కలిసి ఈ జబ్బు వస్తుంది. మీ నాన్నగారు తెలియక తన చేతులతో తెచ్చుకున్నారన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ఇకమీదట మందు కొట్టేది మీ అన్నదమ్ములే కాబట్టి, వట్టిచేతులతో కలపడం, ఎదురుగాలికి కొట్టడం, తడిసిన బట్టలతోనే ఇంటికి రావడం ఈరోజే మానిపించండి.

ఈ కణాలకు శక్తి అందిస్తే బతుకుతాయి కదా అన్న ఆలోచన పరిశోధకులకూ వచ్చింది, దాని మూలం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పనిలో ఉంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలు ఇంధనంలా ఖర్చుచేసే ఏటీపీని వెలికితీశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. నాడీకణం తన సోడియంను బయటికి తోడుకునేది ఆ ఏటీపీ ఖర్చుతోనే, ఏటీపీ తరిగినప్పుడు వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. అందువల్ల క్రియాటిన్ ఇస్తే డోపమైన్ కణాలు నిలుస్తాయేమోనని అమెరికా, కెనడాల్లో 1,741 మంది రోగులతో పెద్ద పరీక్ష చేశారు. ఎలుకల్లో ఆశ కలిగించిన ఆ మందు మనుషుల్లో డమ్మీ మాత్రకంటే మెరుగు కాలేదు, 2013లో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మైటోకాండ్రియా శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10 గతీ అంతే. కాబట్టి మందుల షాపులో నరాల బలానికని ఇచ్చే ఖరీదైన డబ్బాలు ఈ జబ్బును ఆపుతాయని నమ్మకండి. నా ఉద్దేశంలో ఈ వైఫల్యాలకు పెద్ద కారణం ఆలస్యం: వణుకు కనిపించి పరీక్షలో చేరేసరికే తంతువుల చివరలు పోయి ఉంటాయి. అందుకే ఇప్పుడు పరిశోధన వణుకుకు ఏళ్ళ ముందే వచ్చే లక్షణాలమీద దృష్టి పెట్టింది. వాసన తెలియకపోవడం, తీరని మలబద్ధకం, నిద్రలో కలకు తగ్గట్టు కాళ్ళూ చేతులూ విసరడం వాటిలో కొన్ని.

ఇక మూలకణాలు. పుట్టిన తరువాత డోపమైన్ కణాలు విభజన చెందవు, పోయినవాటి స్థానంలో కొత్తవి రావు. కాబట్టి బయట పెంచి నాటాలన్న ఆలోచన న్యాయమైనదే. జపాన్‌లోని క్యోటోలో మామూలు కణాలను వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చి, వాటినుంచి డోపమైన్ కణాల పూర్వరూపాలను పెంచి, ఏడుగురు రోగుల మెదడులో నాటారు. ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. ఫలితం లెక్కించిన ఆరుగురిలో నలుగురికి, మందు లేని వేళ కదలిక కొంత మెరుగైంది, తీవ్రమైన హాని కనిపించలేదు. ఇది నిజమైన ముందడుగు, నాకు చాలా సంతోషం కలిగించింది. అయితే రోగులు కొద్దిమంది, పోల్చడానికి వేరే గుంపు లేదు. అంతకుముందు దశాబ్దాల్లో పిండకణాలు నాటించుకున్నవారిలో కొందరికి ఆపలేని మెలికల కదలికలు వచ్చాయి, మరికొందరి మెదళ్ళలో పదేళ్ళు దాటాక నాటిన కణాల్లోనూ లెవీ మచ్చలు కనిపించాయి.

మీకు ఫోన్ చేసినవారు చెబుతున్నది ఇది కాదు. నడుములోనుంచో, చేతి సిరలోనుంచో ఎక్కించే కణాలు నైగ్రాకు చేరి డోపమైన్ తంతువులు వేస్తాయనడానికి ఆధారం లేదు. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం పార్కిన్సన్‌కు మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప చికిత్సగా ఇవ్వకూడదు, ట్రయల్‌లో చేరిన రోగినుంచి డబ్బు తీసుకోకూడదు. వారిని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య అడగండి, సంఖ్య చెప్పి డబ్బు కూడా అడిగితే అక్కడితో మాట ముగించండి. మాత్రలు వేళలు మార్చినా సరిపోని రోజు వస్తే, 1980ల చివర ఫ్రాన్స్‌లో బెనబిడ్ అనే వైద్యుడు మొదలుపెట్టిన మెదడులోతు ఉద్దీపన (మెదడు లోపల సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇవ్వడం) శస్త్రచికిత్సకు మీ నాన్నగారు తగినవారో కాదో న్యూరాలజిస్టుగారిని అడగండి. దానికీ ఖర్చు ఎక్కువే, అందరికీ సరిపోదు, కాని దాని వెనుక దశాబ్దాల సాక్ష్యం ఉంది. ఈ నెలకు మాత్రం స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ ఒకటి బిగించి, ఫిజియోథెరపిస్టు దగ్గర నడక సాధన మొదలుపెట్టించండి, వారం రోజుల నోటుపుస్తకంతో డాక్టరుగారిని కలవండి. ఆయన వేళలు ఎలా మార్చారో, మధ్యాహ్నం నడక ఏమైందో ఇక్కడే రాస్తే చదువుతాను.